మంచినీటి టేకు చేపల అక్వేరియంలో ఇసుక ఎంపిక

మంచినీటి టేకు చేపలను ఇంట్లో పెంచేవారు అక్వేరియం అడుగున ఏ ఇసుక పరచాలి, దానిని ఎలా పరీక్షించాలి, ఎలా శుభ్రం చేయాలి అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇతర చేపలకు అడుగు పొర ముఖ్యంగా అలంకారం. టేకు చేపకు అది పడక, దాగుచోటు, ఆహారం వెదుక్కునే నేల కూడా. దాని మెత్తని పొట్ట రోజంతా ఇసుకను ఆనుకొని ఉంటుంది. ఇసుక గరుకైనదైతే పొట్టకు గాయమవుతుంది. ఆ గాయం చేప కింది భాగాన ఉండడం వలన చాలా రోజుల వరకు యజమాని కంట పడదు. కనుక ఈ చేపల విషయంలో ఇసుక ఎంపిక అందానికి సంబంధించినది కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది.

ఇక్కడ ఇచ్చిన ఉదాహరణలు హైదరాబాదు పాతబస్తీలోను, తెలుగు రాష్ట్రాలలోను సాధారణంగా దొరికే ఇసుక రకాలకు వర్తిస్తాయి.

టేకు చేప పరిచయం

బల్లపరుపుగా, పళ్ళెంలాగా ఉండి, పొడవైన తోకపై విషపు ముల్లు గల చేపను కోస్తా ఆంధ్ర మత్స్యకారులు టేకు చేప అంటారు. మన తీరంలో దొరికేవి సముద్రపు జాతులు. అక్వేరియంలలో పెంచేవి దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో, పరానా మొదలైన నదీ వ్యవస్థలలో నివసించే పొటామోట్రైగానిడే కుటుంబానికి చెందినవి. ఇవి పూర్తిగా మంచినీటి జీవితానికి అలవాటు పడినవి. వీటిలో పొటామోట్రైగన్ మోటోరో అనే జాతిని ముల్లర్, హెన్లే అనే శాస్త్రవేత్తలు 1841లో వర్ణించారు. నల్లని ఒంటిపై తెల్లని చుక్కలు గల పొటామోట్రైగన్ లియోపోల్డి బ్రెజిల్‌లోని షింగు నదీ ప్రాంతానికి చెందినది.

సొర చేపల వలె వీటి అస్థిపంజరం ఎముకతో కాక మృదులాస్థితో ఏర్పడినది. ఇవి పిల్లలను కంటాయి. అరచేతి వెడల్పున ఇంటికి తెచ్చిన పిల్ల పెరిగి అర మీటరు వెడల్పు గల చేప కావచ్చు. కనుక కొనే ముందే పెద్ద తొట్టెకు చోటు చూసుకోవాలి.

శరీర నిర్మాణం - ఇసుకతో సంబంధం

ఇసుకను ఎందుకు జాగ్రత్తగా ఎంచాలో తెలియాలంటే ఈ చేప శరీర నిర్మాణం తెలియాలి.

మామూలు చేపకు ఒంటి నిండా పొలుసులు ఉంటాయి. టేకు చేపకు అటువంటి పొలుసులు లేవు. వీపుపై సన్నని గరుకు ముళ్ళు ఉన్నా, పొట్ట వైపు చర్మం నునుపుగా, మెత్తగా ఉంటుంది. దానికి రక్షణ జిగురు పొర మాత్రమే. గరుకు రేణువులు రాసుకున్నప్పుడు మొదట ఈ జిగురు పొర పోతుంది, తరువాత చర్మం ఎర్రబడుతుంది, ఆ పైన సూక్ష్మజీవులు చేరి పుండు అవుతుంది.

నోరు, మొప్ప చీలికలు శరీరం కింది భాగాన ఉన్నాయి. ఇసుకలో పడుకొని ఉన్నప్పుడు నోటితో నీరు పీల్చుకుంటే ఇసుక కూడా లోనికి పోతుంది. అందుచేత ప్రకృతి దీనికి కళ్ళ వెనుక రెండు శ్వాసరంధ్రాలను ఇచ్చింది. చేప వీటి ద్వారా నీటిని లోనికి తీసుకొని కింది వైపు మొప్పల గుండా వదులుతుంది. ఇసుకలో పూర్తిగా కప్పుకొన్నా ఈ రంధ్రాలు, కళ్ళు మాత్రం పైకి కనిపిస్తూ ఉంటాయి.

ఇసుకలో దూరేటప్పుడు చేప తన శరీరపు అంచులను అలలాగా ఆడించి ఇసుకను వీపుపైకి ఎగజిమ్ముకుంటుంది. పురుగులను వెదికేటప్పుడు నోటితో నీటిని ఊది ఇసుకను తొలగిస్తుంది. ఆహారంతో పాటు నోటిలోకి వచ్చిన ఇసుకను తిరిగి బయటకు వదులుతుంది. ఈ మూడు పనులకూ రేణువు చిన్నదిగా, తేలికగా కదిలేదిగా, అంచులు మొద్దుబారినదిగా ఉండాలి. గులకరాళ్ళలో చేప దూరలేదు. పైగా చిన్న రాయి ఆహారంతో పాటు మింగితే ప్రమాదం.

రేణువు పరిమాణం

భూగర్భ శాస్త్రం ప్రకారం ఒక మిల్లీమీటరులో 16వ వంతు నుండి 2 మి.మీ. వరకు వ్యాసం గల రేణువులను ఇసుక అంటారు. 2 మి.మీ. దాటితే గులక. టేకు చేపలకు 0.3 మి.మీ. నుండి 1 మి.మీ. లోపు రేణువులు అనుకూలం. వంటింటి భాషలో చెప్పాలంటే బొంబాయి రవ్వ అంతగాని, అంతకు కొంచెం సన్నంగా గాని ఉండాలి. మైదా వంటి ధూళి పనికిరాదు. అది నీటిని మురికిగా చేస్తుంది, వడపోత యంత్రంలోకి చేరి దాని మోటారును అరగదీస్తుంది, అడుగున గట్టిగా పేరుకుపోయి నీరు చొరకుండా చేస్తుంది.

ఇళ్ళు కట్టేవారు కాంక్రీటుకు వాడేదానిని దొడ్డు ఇసుక అని, గోడల పూతకు వాడేదానిని సన్న ఇసుక అని తెలంగాణలో వ్యవహరిస్తారు. దొడ్డు ఇసుక ఈ చేపలకు తగదు. సన్న ఇసుకను కూడా జల్లెడ పట్టి, పరీక్షించిన తరువాతే వాడాలి.

రేణువు ఆకారం

పరిమాణం కంటే ఆకారం ముఖ్యం. ఒకే పరిమాణం గల రెండు రేణువులలో ఒకటి గుండ్రని గింజలాగా, మరొకటి పగిలిన గాజులాగా ఉండవచ్చు. రాయి పగిలినప్పుడు రేణువు అంచులు పదునుగా ఉంటాయి. నీటిలో దొర్లే కొద్దీ, అలల తాకిడికి, గాలికి ఒకదానితో ఒకటి రాసుకొని అంచులు అరుగుతాయి. నదిలో ఈ అరుగుదల చాలా నెమ్మదిగా జరుగుతుంది. అలల వలన, గాలి వలన జరిగే అరుగుదల ఎక్కువ. కనుక నది ఇసుక అన్నంత మాత్రాన గుండ్రనిది అని భావించరాదు. ఇసుకకు దుకాణంలో ఉన్న పేరును బట్టి కాక, రేణువును కంటితో చూసి, చేతితో తాకి నిర్ణయించాలి.

హైదరాబాదులో దొరికే ఇసుక రకాలు

రోబో ఇసుక: హైదరాబాదు నగరం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలపై ఉంది. ఈ రాయిని యంత్రాలలో పిండి కొట్టి తయారుచేసే ఇసుకను రోబో ఇసుక అంటారు. నది ఇసుక కొరత వలన భవన నిర్మాణంలో దీని వాడకం పెరిగింది. కొత్తగా పగిలిన రాయి కనుక దీని రేణువులు కోణాలతో, పదునైన అంచులతో ఉంటాయి. ఆ పదును వలన సిమెంటుతో బాగా పట్టుకుంటుందేమో గాని, అదే పదును చేప పొట్టను గీస్తుంది. పైగా దీనిలో రాతి పొడి ఎక్కువ. ఇది టేకు చేపలకు ఎంతమాత్రం పనికిరాదు.

మూసీ ఇసుక: పాతబస్తీకి ఉత్తరపు అంచున ప్రవహించే మూసీ నదిపై ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ నిర్మించబడ్డాయి. నగరం గుండా సాగే మూసీలో మురుగునీరు, పారిశ్రామిక వ్యర్థాలు కలుస్తాయి. అటువంటి చోటి ఇసుకకు అంటిన లోహాలను, రసాయనాలను ఇంట్లో కడిగి తొలగించడం సాధ్యం కాదు. ఇంటికి దగ్గర అనే కారణంతో దీనిని తీసుకురాకూడదు. అనుమతి లేకుండా నదులలో ఇసుక తవ్వడం చట్టవిరుద్ధం కూడా.

గోదావరి, కృష్ణా ఇసుక: భవన సామగ్రి అమ్మేవారి వద్ద దొరుకుతుంది. ప్రధానంగా స్ఫటిక శిల, ఫెల్డ్‌స్పార్ రేణువులు, కొంత అభ్రకం, నల్లని ఖనిజ రేణువులు ఉంటాయి. ఒక లారీ ఇసుక బాగున్నా మరొక లారీ ఇసుక గరుకుగా ఉండవచ్చు. బాగా జల్లించి, కడిగి, పరీక్షలలో నెగ్గితే వాడవచ్చు. వీధిలో ఇంటి ముందు పోసి ఉన్న కుప్ప నుండి మాత్రం తీసుకోరాదు. వాటిలో సిమెంటు, సున్నం, ఇనుప తీగ ముక్కలు, గాజు పెంకులు, కుక్కల పిల్లుల మలం కలిసి ఉంటాయి.

సముద్రపు ఇసుక: అలల వలన రేణువులు నునుపుగా ఉంటాయి. కాని దీనిలో ఉప్పుతో పాటు గవ్వల, ఆల్చిప్పల ముక్కలు ఉంటాయి. ఉప్పు కడిగితే పోతుంది, గవ్వ పోదు. గవ్వలోని కాల్షియం కార్బనేటు నెమ్మదిగా కరిగి నీటి కఠినత్వాన్ని, పీహెచ్‌ను పెంచుతుంది. విరిగిన గవ్వ అంచు కత్తిలాగా ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు కూడా ఉన్నాయి. విహారయాత్రకు వెళ్ళి సంచిలో తెచ్చుకునే ఇసుక కాదిది.

వడపోత ఇసుక: నీటి శుద్ధికి వాడే సిలికా ఇసుకను ఒకే పరిమాణం వచ్చేలా జల్లించి, కడిగి సంచులలో అమ్ముతారు. హిమాయత్‌సాగర్ నీటిని పాతబస్తీకి శుద్ధి చేసి ఇచ్చే మీర్ ఆలం ఫిల్టర్ బెడ్ల వంటి చోట్ల ఇసుక పొరల గుండానే నీటిని వడకడతారు. ఈత కొలనుల, బోరు నీటి ఫిల్టర్లలోనూ ఇదే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో గూడూరు సమీపంలోని చిల్లకూరు, కోట మండలాలు సిలికా ఇసుకకు ప్రసిద్ధి. గాజు పరిశ్రమకు ఇక్కడి ఇసుక వాడతారు. సిలికా నీటిలో దాదాపు కరగదు, నీటి గుణాన్ని మార్చదు. కనుక సన్న రకం వడపోత ఇసుకను సాధారణంగా మొదటి ఎంపికగా పరిగణించవచ్చు. అయితే రాయిని పిండి కొట్టి చేసిన సిలికా కూడా ఇదే పేరుతో అమ్మకానికి ఉంటుంది. భూతద్దంతో చూడనిదే కొనరాదు.

రంగుల ఇసుక, పగడపు చూర్ణం: రంగు వేసిన ఇసుక నుండి రంగు ఊడి నీటిలో కలిసే అవకాశం ఉంది, చేప మింగే అవకాశమూ ఉంది. పగడపు చూర్ణం సముద్రపు చేపల తొట్టెలకు ఉద్దేశించినది. అది సున్నపు పదార్థం కనుక మంచినీటి టేకు చేపలకు తగదు. ఇనుప వస్తువుల తుప్పు వదల్చడానికి వాడే నల్లని ఇసుక రకాలు గీయడానికే తయారైనవి. అవి చూడడానికి అందంగా ఉన్నా వాడకూడదు.

పరీక్షలు

కింది పరీక్షలు ఇంట్లోనే చేయవచ్చు. మొత్తం కొనక ముందు ఒక గుప్పెడు తెచ్చి పరీక్షించడం మంచిది.

1. చేతి పరీక్ష: తడి ఇసుకను మణికట్టు లోపలి వైపు మెత్తని చర్మంపై పెట్టి వేలితో గుండ్రంగా కొద్దిసేపు రుద్దాలి. గుచ్చుకున్నా, గీతలు పడినా ఆ ఇసుక వద్దు. మన అరచేయి మొద్దుబారి ఉంటుంది కనుక అరచేతిపై చేసిన పరీక్ష సరిపోదు.

2. భూతద్దం పరీక్ష: తెల్ల కాగితంపై చిటికెడు పొడి ఇసుక చల్లి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడాలి. అంచులు మొద్దుగా ఉన్నవి ఎన్ని, గాజు పెంకులా ఉన్నవి ఎన్ని అని గమనించాలి.

3. వెనిగర్ పరీక్ష: కొంచెం పొడి ఇసుకపై వెనిగర్ చుక్కలు వేయాలి. బుడగలు వస్తే సున్నపు పదార్థం ఉన్నట్లు. వెనిగర్ బలహీనమైన ఆమ్లం. కనుక బుడగలు రాకపోయినా ఒక సీసాలో ఇసుక, నీరు పోసి వారం రోజులు ఉంచి, ముందు తరువాత పీహెచ్, కఠినత్వం కొలిచి పోల్చుకోవాలి.

4. సీసా పరీక్ష: సగం ఇసుక, సగం నీరు పోసి బాగా కుదిపి కదలకుండా ఉంచాలి. ఇసుక వెంటనే అడుగుకు చేరుతుంది. దానిపై ఒండ్రు పొర ఏర్పడుతుంది. ఆ పొర మందంగా ఉంటే ఇసుకలో మట్టి ఎక్కువ ఉన్నట్లు.

5. అయస్కాంతం పరీక్ష: ఇనుప తీగలు, వెల్డింగు తుంపరలు దీనితో బయటపడతాయి. సహజమైన నల్లని ఖనిజ రేణువులు కొన్ని అంటుకోవడం సాధారణమే, దానికి భయపడనవసరం లేదు.

ఎంత ఇసుక అవసరం

పొర మందం రెండు నుండి మూడు సెంటీమీటర్లు చాలు. పెద్ద చేపకు వీపు కప్పుకునేందుకు మరికొంత అవసరం కావచ్చు. లెక్క ఈ విధంగా వేసుకోవాలి. తొట్టె అడుగు పొడవు 180 సెం.మీ., వెడల్పు 75 సెం.మీ., ఇసుక మందం 2.5 సెం.మీ. అనుకుందాం. 180 × 75 × 2.5 = 33,750 ఘన సెంటీమీటర్లు, అనగా సుమారు 34 లీటర్లు. పొడి ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు తూగుతుంది. కనుక దాదాపు 54 కిలోల ఇసుక కావాలి.

అదే తొట్టెలో 60 సెం.మీ. ఎత్తున నీరు నింపితే 810 లీటర్లు, అనగా 810 కిలోల బరువు. గాజు, ఇసుక, బల్ల బరువు దీనికి అదనం. పాతబస్తీలో కర్ర దూలాలు, సున్నపు కప్పు గల పాత మేడలు అనేకం ఉన్నాయి. అటువంటి ఇంటి పై అంతస్తులో ఇంత బరువు పెట్టరాదు. నేల అంతస్తే క్షేమం.

పొర అవసరానికి మించి మందంగా ఉంటే లోపలి ఇసుకకు ఆక్సిజన్ అందదు. అక్కడ కుళ్ళిన గుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఏర్పడుతుంది. చేప ఇసుకను కెలికినప్పుడు ఆ వాయువు బయటపడి ప్రాణాంతకం కావచ్చు. పలుచని పొరకు ఈ ప్రమాదం తక్కువ.

శుభ్రపరచే విధానం

1. ముందుగా ఇసుకను తడిపి తరువాత జల్లించాలి. పొడి ఇసుక ధూళి ఊపిరితిత్తులకు హానికరం. సిలికా ధూళిని ఎక్కువ కాలం పీల్చినవారికి సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. ఇందుకు వాడిన జల్లెడను తిరిగి వంటింట్లో వాడరాదు.
2. బకెట్టులో మూడవ వంతు ఇసుక వేసి నీరు పోసి కలియబెట్టి మురికి నీటిని వంచేయాలి. నీరు తేటగా వచ్చే వరకు, పది పదిహేను సార్లయినా ఇలా చేయాలి.
3. సబ్బు, డిటర్జెంటు వాడకూడదు.
4. ఎండలో పలుచగా ఆరబెట్టాలి.
5. చివరి కడుగు క్లోరిన్ తొలగించిన నీటితో చేయాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. సోడియం థయోసల్ఫేటు, అనగా హైపో, క్లోరిన్‌ను తొలగిస్తుంది.
6. చేప లేనప్పుడే ఇసుక పరచి, నీరు తేటపడి, వడపోత యంత్రంలో అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు వృద్ధి చెందిన తరువాతే చేపను వదలాలి.

ఇసుక లేని తొట్టె

కొందరు పెంపకందారులు ఇసుక లేకుండా గాజు అడుగునే ఉంచుతారు. మలం, మిగిలిన ఆహారం వెంటనే కనిపిస్తాయి, తీసివేయడం సులభం. టేకు చేపలు అమ్మోనియాను ఎక్కువగా విసర్జిస్తాయి కనుక ఇది చిన్న లాభం కాదు. అయితే చేపకు దాగే అవకాశం ఉండదు. ఇసుకలో దూరడం దాని సహజ స్వభావం. మధ్యే మార్గంగా తొట్టెలో ఒక వైపు అంచులు నునుపైన లోతు తక్కువ ట్రేలో ఇసుక పోసి ఉంచవచ్చు. మంచి ఇసుక దొరకని పక్షంలో చెడ్డ ఇసుక కంటే ఇసుక లేకపోవడమే మేలు.

గాయాలను గుర్తించడం

టేకు చేపలు తరచుగా తొట్టె గాజు గోడ మీదుగా పైకి ఈదుతాయి. పొట్ట చూడగలిగే అవకాశం అప్పుడే. రోజూ ఆ సమయంలో పరిశీలించడం అలవాటు చేసుకోవాలి. కింది లక్షణాలు కనిపిస్తే జాగ్రత్త పడాలి.

* పొట్టపై, నోటి చుట్టూ, శరీరపు అంచులలో ఎర్రని మచ్చలు
* జిగురు పొర తెల్లని పీలికలుగా ఊడడం
* ఇసుకను వదలి గాజు మూలలలోనే ఉండడం
* ఆహారం మానడం
* శరీరపు అంచులు పైకి వంకర తిరగడం

చివరి లక్షణం తీవ్రమైన స్థితికి చిహ్నం. గాయం కనిపించగానే ఇసుకను తొలగించి, నీటిలో అమ్మోనియా, నైట్రైటు కొలిచి, కొంత నీటిని మార్చాలి. నీరు చెడినా ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి కనుక రెండింటినీ పరిశీలించాలి. మామూలు చేపలకు వాడే రాగి మందులను టేకు చేపలు తట్టుకోలేవు. చేపల వైద్యం తెలిసిన పశువైద్యుని సలహా లేకుండా మందు వేయరాదు. నీటిని వేడిచేసే హీటరుపై పడుకున్నా పొట్ట కాలుతుంది. హీటరుకు తప్పక తొడుగు ఉండాలి.

మనుషుల భద్రత

ఇసుకలో కప్పుకొని ఉన్న టేకు చేప కంటికి కనిపించదు. ఇసుక శుభ్రం చేసేటప్పుడు చేయి దానిపై పడితే ప్రమాదం జరగవచ్చు. చేప ఎక్కడ ఉన్నదో చూడనిదే తొట్టెలో చేయి పెట్టరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. ముల్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి కలుగుతుంది. గాయాన్ని కడిగి, చర్మం కాలనంత వేడి నీటిలో, అనగా సుమారు 45 డిగ్రీల సెల్సియస్ లోపు, ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని గాయం లేని చేతితో చూసుకోవాలి. ముల్లు లోపల విరిగి ఉంటే లాగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

చట్టం, పర్యావరణం

లియోపోల్డి, హెన్లై సహా ఏడు పొటామోట్రైగన్ జాతులను అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో చేర్చాలని 2022 నవంబరులో నిర్ణయించారు. అదే సంవత్సరం సవరించిన భారత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సైటిస్ జాబితా జీవులకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. కనుక కొనేవారు రసీదు, మూల పత్రాలు అడిగి తీసుకోవాలి. నమోదు అవసరమో కాదో అటవీ శాఖ వద్ద తెలుసుకోవాలి.

పెంచలేకపోయిన చేపను మీర్ ఆలం చెరువులో గాని, మరే జలాశయంలో గాని వదలరాదు. సింగపూరు జలాశయాలలో మోటోరో జాతి టేకు చేపలు స్థిరపడి సంతానాన్ని వృద్ధి చేసుకున్నాయి. నీటిలోకి దిగే మత్స్యకారులకు, పశువులకు విషపు ముల్లు వలన ప్రమాదం. చేపను తిరిగి ఇచ్చేందుకు అమ్మినవారితో ముందే మాట్లాడుకోవాలి.

సారాంశం

ఒక మి.మీ. లోపు పరిమాణం, మొద్దుబారిన అంచులు, సున్నం లేకపోవడం, ధూళి లేకపోవడం అనేవి మంచి ఇసుకకు నాలుగు లక్షణాలు. ఈ నాలుగూ ఉన్న ఇసుక ఖరీదైనదైనా, చవకైనదైనా వాడవచ్చు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా, ఎంత పేరున్న సంచిలో వచ్చినా వాడరాదు. ఇసుక సరిగా ఉన్నదని తెలియజేసే చివరి సాక్ష్యం, గాజు గోడపై ఈదే చేప పొట్ట ఎక్కడా ఎర్రబడకుండా తెల్లగా కనిపించడమే.